పిల్లల గెంతుకు రెండు అండలు: వంగే కీలు, మోసే కాలు



ఏటా ఈ సంచికలో మన సొసైటీ ఇచ్చిన పుస్తకాలు, ఫీజులు, పండుగ సరుకుల గురించి చదువుకుంటున్నాం. ఈసారి పిల్లల ఆటల గురించి నాలుగు మాటలు రాయమని కమిటీ పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము క్రీడా నిపుణులం కాము. బి.ఇడి. చదివి, మర్రిపాడు పరిసరాల బడుల్లో ఏళ్ళ తరబడి సైన్సు పాఠాలు చెప్పుకుంటూ వచ్చిన వాళ్ళం. అయినా ఈ విషయం రాయడానికి ఒప్పుకున్నాం. ఎందుకంటే ఇందులో మేము చేసిన ఒక తప్పు ఉంది. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని మా కోరిక.

కొన్నేళ్ళ కిందట మండల స్థాయి ఆటల పోటీలకు పిల్లలను ఎంపిక చేయాల్సి వచ్చింది. వ్యాయామ ఉపాధ్యాయుడు సెలవులో ఉన్నందున ఆ పని మా మీద పడింది. లాంగ్ జంప్‌కు ఇద్దరు పిల్లలు మా కంట్లో పడ్డారు. ఒకడు తొమ్మిదో తరగతి కుర్రవాడు. సెలవు రోజుల్లో తండ్రితో కలిసి బస్తాలు మోసేవాడు. తొడలు, పిక్కలు గట్టివి. వీడు అందరికంటే దూరం దూకుతాడని అనుకున్నాం. తీరా చూస్తే వాడికంటే చిన్నవాళ్ళు వాడిని దాటిపోయారు. రెండో బిడ్డ ఎనిమిదో తరగతి అమ్మాయి. సన్నగా, గాలికి ఊగే కొమ్మలా ఉండేది. మోకాళ్ళు వంచకుండా అరచేతులు రెండూ నేలకు ఆనించేది. ఆ బిడ్డ దూకితే అందరూ చప్పట్లు కొట్టారు.

మాకు ఆశ పుట్టింది. పోటీలకు వారమే ఉందని ఆ అమ్మాయిని రోజూ సాయంత్రం గట్టి నేల మీద మళ్ళీ మళ్ళీ దూకించాం. అయిదో రోజు దిగేటప్పుడు ఒక మోకాలు లోపలికి మడత పడింది. సాయంత్రానికి వాచిపోయింది. కొన్ని నెలల పాటు ఆ బిడ్డ ఆటకు దూరమైంది. వాళ్ళ అబ్బా బడికి వచ్చి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ‘బిడ్డ మామూలుగా నడుస్తుంది కదా సార్?’ అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే మాకు అంత బరువు ఉండేది కాదు.

ఆ తర్వాతే మేము పుస్తకాలు తిరగేశాం, వ్యాయామ ఉపాధ్యాయులను అడిగాం, ఎముకల డాక్టర్ చెప్పింది విన్నాం. తెలిసిన సంగతి ఇది: కుర్రవాడికి బలం ఉంది, కీలు వంగదు. అమ్మాయికి కీలు వంగుతుంది, దాన్ని నిలబెట్టే బలం లేదు. గెంతుకు ఈ రెండూ కావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే, ఒకరు ఎగరలేరు, ఇంకొకరు క్షేమంగా దిగలేరు.

గెంతు అంటే ఏమిటి?

పదో తరగతి లోపు చదివిన సైన్సుతోనే దీన్ని అర్థం చేసుకోవచ్చు. కాలు నేలను వదిలిన క్షణాన శరీరానికి పైకి ఎంత వేగం ఉందో, ఆ వేగమే ఎంత ఎత్తు లేస్తామో నిర్ణయిస్తుంది. నేలను వదిలాక గాలిలో చేతులు కాళ్ళు ఎంత ఆడించినా శరీర భారం మొత్తం లేచే ఎత్తు మారదు. సెకనుకు 2.5 మీటర్ల వేగంతో నేలను వదిలిన పిల్లవాడు సుమారు 32 సెంటీమీటర్లు లేస్తాడు. అదే వేగం పదో వంతు పెరిగి 2.75 మీటర్లయితే 38 సెంటీమీటర్లు దాటుతాడు. వేగంలో పదో వంతు పెరిగితే ఎత్తులో అయిదో వంతు పెరిగిందన్న మాట. అందుకే కొద్దిపాటి మెరుగుదల కూడా గెంతులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మరి ఆ వేగం ఎక్కడిది? కాళ్ళు నేలను ఎంత గట్టిగా తోశాయి, ఎంత దూరం పాటు తోశాయి అన్న దాన్ని బట్టి వస్తుంది. గట్టిగా తోయడం కండరాల బలం. ఎంత దూరం పాటు తోయగలమన్నది కీళ్ళు ఎంత వంగి ఎంత చాపుకుంటాయి అన్న దాని మీద ఉంది.

మన పిల్లలు ఆడే పంగలకర్ర గుర్తు చేసుకోండి. రబ్బరు ఎంత మంచిదైనా కొంచెమే లాగి వదిలితే రాయి దగ్గరే పడుతుంది. మా కుర్రవాడి సంగతి అదే. రబ్బరు సడలిపోయి ఉంటే చెవి దాకా లాగినా రాయి పోదు. కర్ర పంగ గట్టిగా లేకపోతే చేతిలోనే విరుగుతుంది. మా అమ్మాయి సంగతి ఇది. లాగడానికి చోటు, రబ్బరుకు బిగువు, పంగకు గట్టితనం, ఈ మూడూ కుదిరితేనే రాయి దూరం పోతుంది.

మూడు కీళ్ళ కథ

గెంతేటప్పుడు పనిచేసేవి ముఖ్యంగా మూడు కీళ్ళు: తుంటి, మోకాలు, చీలమండ. మూడూ కలిసి వంగుతాయి, తర్వాత ఒకదాని వెంట ఒకటి చాపుకుంటాయి. ముందు తుంటి దగ్గర పిర్రల కండరాలు ఒళ్ళును లేపుతాయి, ఆ వెంటనే తొడ ముందు కండరాలు మోకాలిని చాపుతాయి, చివరగా పిక్క కండరాలు మడమను లేపి కాలివేళ్ళతో నేలను తోస్తాయి. ఈ వరుసలో ఒక్క కీలు బిగుసుకుపోయినా మిగతా రెండిటి కష్టం కొంత వృథా అవుతుంది.

వీటిలో ఎక్కువ మంది పట్టించుకోనిది చీలమండ. మోకాలు పాదం మీదుగా ముందుకు వంగాలంటే చీలమండ వంగాలి. అది వంగకపోతే మడమ ముందే లేచిపోతుంది, లేదా నడుము ముందుకు వాలిపోతుంది. అప్పుడు కాళ్ళు పూర్తి బలంతో తోయలేవు. దిగేటప్పుడు కూడా ఇబ్బందే. చీలమండ వంగని పిల్లల్లో మోకాళ్ళు లోపలికి పడటం, కాళ్ళు బిగదీసుకుని ధభీమని దిగడం ఎక్కువగా చూస్తాం.

మా కుర్రవాడిని మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోమన్నాం. వెనక్కి పడిపోయాడు. మడమలు లేపితే తప్ప కూర్చోలేకపోయాడు. వాడి గెంతు ఎక్కడ ఆగిందో అక్కడే తెలిసింది.

మన తాతలు పొలం గట్టు మీద, ఇంటి అరుగు మీద గంటల తరబడి గొంతుక్కూర్చునే వాళ్ళు. నేల మీద కూర్చుని భోంచేసేవాళ్ళు. నమాజులో సజ్దా నుంచి లేచి కూర్చున్నప్పుడు కుడి పాదం నిలబెట్టి వేళ్ళు మడిచి ఉంచే అలవాటు మనలో ఉంది. నమాజు ఆరాధనే గానీ వ్యాయామం కాదు. అయినా చిన్నప్పటి నుంచి ఇలా నేలతో పొత్తు ఉన్న ఒంటికి చీలమండ, కాలి బొటనవేలి కీళ్ళు వంగే గుణం పోకుండా ఉంటుంది. ఇప్పుడు పిల్లలు కుర్చీ మీద చదివి, సోఫాలో ఫోన్ చూసి, ఆటోలో బడికి వస్తున్నారు. వాడని కీలు బిగుసుకుంటుంది. బావి గిలక లాగే, తిప్పకపోతే తుప్పు.

ఎక్కువ వంగితే ఎక్కువ ఎగురుతారా?

కాదు. ఇది మేము పొరపడిన చోటు. గెంతుకు అవసరమైనంత మేర కీలు వంగితే చాలు, అంతకు మించి వంగినంత మాత్రాన ఎత్తు పెరగదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే కీళ్ళు మరీ మెత్తగా ఉంటాయి. మోచేతులు, మోకాళ్ళు వెనక్కి కూడా కొంత వంగుతాయి. చూసేవాళ్ళకు అది గొప్పగా ఉంటుంది. కానీ అలాంటి పిల్లలకు ఇంకా సాగదీయడం నేర్పడం కంటే, ఆ కీలును పట్టి ఉంచే కండరాల బలం నేర్పడం ముఖ్యం.

ఇంకో రహస్యం ఉంది. గెంతే ముందు మనం ఒక్కసారి కిందికి వంగి వెంటనే లేస్తాం కదా. అలా వంగి ఆగిపోయి లేచేవాడి కంటే, ఆగకుండా చప్పున లేచేవాడు కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ ఎగురుతాడు. వంగే క్షణంలో కండరాలు సాగి ముందే బిగుసుకుంటాయి. మడమ వెనక తాడులా ఉండే గట్టి పట్టీ సాగి, తనలో దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ పట్టీ మెత్తబడితే ఆ లాభం తగ్గుతుంది. కాబట్టి కీలు వంగాలి, కండరం సాగాలి, పట్టీ మాత్రం బిగువుగా ఉండాలి. తాడాట, తొక్కుడుబిళ్ళ ఈ బిగువును పెంచే ఆటలే. పాత కాలపు ఆడపిల్లలు వాకిట్లో ముగ్గుగీతల మధ్య ఒంటికాలి మీద గెంతింది ఊరికే పోలేదు.

దిగడం నేర్పకుండా ఎగరడం నేర్పకూడదు

ఎగిరినవాడు దిగక తప్పదు. దిగేటప్పుడు నేల నుంచి కాళ్ళకు తగిలే దెబ్బ శరీర బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దెబ్బను తుంటి, మోకాలు, చీలమండ మూడూ వంగి పంచుకోవాలి. పంచుకోకపోతే భారమంతా మోకాలి లోపలి పట్టీల మీద పడుతుంది. యౌవనం వచ్చే వయసులో ఆడపిల్లలకు ఈ ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. తుంటి పక్క కండరాలు బలంగా లేకపోతే దిగేటప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వాలిపోతాయి. మా విద్యార్థినికి జరిగింది ఇదే.

అందువల్ల ఇప్పుడు మేము మొదటి రెండు వారాలు పిల్లలకు దిగడం మాత్రమే నేర్పిస్తాం. అడుగు ఎత్తు గట్టు మీద నుంచి రెండు కాళ్ళ మీద దిగాలి. మోకాళ్ళు కాలివేళ్ళ వైపే చూడాలి. చప్పుడు రాకూడదు, పిల్లి గోడ దిగినట్టు ఉండాలి. చప్పుడు వచ్చిందంటే కీళ్ళు వంగలేదని గుర్తు. ఇంత తేలికైన పరీక్షకు యంత్రం ఏమీ అక్కర్లేదు, చెవి ఉంటే చాలు.

ఎదిగే వయసు జాగ్రత్తలు

ఆడపిల్లలు 11, 12 ఏళ్ళకు, మగపిల్లలు 13, 14 ఏళ్ళకు ఒక్కసారిగా పొడవవుతారు. అప్పుడు ఎముకలు ముందు పెరుగుతాయి, కండరాలు ఆ పొడవును అందుకోవడానికి కొంత కాలం పడుతుంది. నిన్న వంగిన పిల్లవాడు ఈ ఏడు బిగుసుకున్నట్టు కనిపిస్తాడు. అడుగులు తడబడతాయి. గెంతు తగ్గినా తగ్గవచ్చు. వాడు బద్ధకించాడని తిట్టకండి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పెట్టడం, మడమ వెనక నొప్పి రావడం ఈ వయసులో పరుగులు, గెంతులు ఎక్కువైనప్పుడు కనిపించే సమస్యలు. నొప్పి అంటే ఒళ్ళు చెప్పే మాట. కొన్నాళ్ళు గెంతులు తగ్గించి, కండరాలను మెల్లగా సాగదీసి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. ‘ఓర్చుకో’ అని దూకించడం తగదు.

బరువు పనులు, గుంజీళ్ళు చేయిస్తే పిల్లలు పొట్టిగా మిగిలిపోతారని కొందరు పెద్దలు భయపడతారు. పెద్దల కళ్ళ ముందు, వయసుకు తగ్గట్టు, పద్ధతిగా చేసే బలం పెంచే వ్యాయామం ఎదుగుదలను ఆపదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని, అందులో వారానికి కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. చిన్న పిల్లల్లో బలం మొదట కండ పెరిగి రాదు. ఉన్న కండరాలను కలిపి వాడటం నరాలు నేర్చుకోవడం వల్ల వస్తుంది. అందుకే పిక్కలు లావెక్కలేదని నిరాశ పడకూడదు.

ఇంట్లోనే చూసుకోగల మూడు పరీక్షలు

మొదటిది గోడ పరీక్ష. చెప్పులు విప్పి గోడకు ఎదురుగా నిలబడాలి. మడమ లేపకుండా మోకాలిని ముందుకు వంచి గోడకు తాకించాలి. తాకితే పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ చేయాలి. బొటనవేలికి గోడకు మధ్య సుమారు 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక పిడికిలి వెడల్పు ఉన్నా మోకాలు తాకితే చీలమండ బాగా వంగుతున్నట్టు. రెండు కాళ్ళకూ చూడాలి. ఒక కాలికి బాగా తక్కువ ఉంటే ఆ కాలి మీద ముందు శ్రద్ధ పెట్టాలి.

రెండోది గొంతుక్కూర్చునే పరీక్ష. మడమలు నేల మీదే ఉంచి, చేతులు ముందుకు చాచి, పది లెక్కపెట్టేదాకా కూర్చోగలగాలి.

మూడోది సుద్దముక్క పరీక్ష. వేలికి సుద్దపొడి రాసుకుని గోడ పక్కన నిలబడి చెయ్యి ఎత్తి ఒక గుర్తు పెట్టాలి. తర్వాత నిలబడ్డ చోటు నుంచే ఎగిరి ఇంకో గుర్తు పెట్టాలి. రెండు గుర్తుల మధ్య దూరమే వాడి గెంతు. అమెరికాలో సార్జెంట్ అనే వ్యాయామ విద్యావేత్త 1921లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతినే నేటికీ ఎన్నో చోట్ల వాడుతున్నారు. నెలకొకసారి కొలిచి నోటు పుస్తకంలో రాసుకోవాలి. పక్కవాడితో పోల్చకండి, పోయిన నెల తనతోనే పోల్చండి.

ఈ కొలతలకు విలువ ఉంది. హైదరాబాద్ హకీంపేట క్రీడా పాఠశాల వంటి చోట్ల ప్రవేశానికి వచ్చిన చిన్న పిల్లలకు పరుగుతో పాటు నిలువు గెంతు, నిలబడి దూరం దూకడం, ఒళ్ళు వంగే గుణం కూడా పరీక్షిస్తారు. మనకు దగ్గరలో కడపలోనూ ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. అక్కడ సీటు వస్తే బిడ్డకు చదువు, తిండి, శిక్షణ ఒకేచోట దొరుకుతాయి. ఆత్మకూరు, ఉదయగిరి వైపు పేద ఇళ్ళ పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఏం చేయించాలి?

మేము ఇప్పుడు పాటిస్తున్న క్రమం ఇది. వారానికి 3 రోజులు, రోజు విడిచి రోజు, అరగంట చాలు.

ముందు ఒళ్ళు వేడెక్కాలి. మెల్లని పరుగు, మోకాళ్ళు ఎత్తి నడవడం, కాళ్ళు ముందుకు వెనక్కి ఊపడం, పెద్ద అడుగులు వేస్తూ వంగడం. కదులుతూ చేసే ఈ సాగదీతలు గెంతుకు మేలు చేస్తాయి. ఒక్కో కండరాన్ని నిమిషం దాటి పట్టి ఉంచే సాగదీతలు గెంతడానికి ముందు వద్దు. వాటివల్ల కాసేపు బలం కొంత తగ్గుతుంది. అవి ఆట అయ్యాక, ఒక్కోటి 20 నుంచి 30 సెకన్లు చేస్తే కీలుకు మంచిది.

ఒళ్ళు చల్లారితే ఏమవుతుందో మన దేశ క్రీడాచరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్‌కు భారతదేశం నుంచి 19 ఏళ్ళ హెన్రీ రెబెల్లో వెళ్ళాడు. పతకం తెస్తాడని అందరూ అనుకున్నారు. ఫైనల్లో దూకడానికి సిద్ధమైన వేళ, ఇంకో పోటీ పతకాల ప్రదానం జరుగుతోందని ఆగమన్నారు. చలిలో ఒళ్ళు చల్లబడింది. తర్వాత పరుగెత్తి దూకబోయేసరికి తొడ కండరం చిట్లింది. అతని ఒలింపిక్స్ అక్కడితో ముగిసింది. మన పిల్లల పోటీల్లోనూ పేరు పిలిచేదాకా గంటల తరబడి ఎండలో కూర్చోబెట్టి, పిలవగానే దూకమంటాం. పిలుపుకు ముందు అయిదు నిమిషాలు ఒళ్ళు కదిలించనివ్వాలి.

ఆ తర్వాత బలం. గుంజీళ్ళు, మెట్టు ఎక్కి దిగడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము ఎత్తడం. ఒక్కోటి 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. ఇన్నేళ్ళూ మేము గుంజీళ్ళను శిక్షగా వేశాం. అది పిల్లల కాళ్ళకు మందని తెలియక, చేదు పూసి ఇచ్చాం. ఇప్పుడు ఆ శిక్ష మానేసి, అందరితో కలిసి మేము కూడా గుంజీళ్ళు తీస్తున్నాం. మా మోకాళ్ళు కిర్రుమంటే పిల్లలు నవ్వుతారు.

చివరగా కొద్దిపాటి గెంతులు. అలసిపోయాక గెంతించకూడదు. అలసిన కాలు దిగడం మరిచిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపికగా చేస్తే తేడా కనిపిస్తుంది. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లలకు ఎండలో గట్టి సాధన వద్దు. తేలికైన సాగదీతలతో సరిపెట్టి, మిగతాది పండుగ తర్వాత చేయించవచ్చు.

తిండి సంగతి కూడా చెప్పాలి. కండరం గాలితో పెరగదు. బడిలో ఇచ్చే గుడ్డు, చిక్కీ పారేయకుండా తినాలి. ఇంట్లో పప్పు, వేరుశనగలు, రాగులు, ఆకుకూరలు ఉంటే చాలు. డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు. ఆడపిల్లలు మాటిమాటికీ ఆయాసపడుతుంటే రక్తం తక్కువేమో పరీక్ష చేయించాలి.

పెద్ద ఆటగాళ్ళు చెప్పే పాఠం

ఖతార్‌కు చెందిన ముతజ్ బర్షిమ్ హైజంప్‌లో 2014లో 2.43 మీటర్లు దాటాడు. 2018లో ప్రపంచ రికార్డు కోసం ప్రయత్నిస్తూ, నేలను తోసే కాలి చీలమండ లిగమెంటు తెగి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. తొందర పడకుండా ఆ కీలుకు మళ్ళీ కదలిక, బలం తెచ్చుకున్నాడు. 2019లో దోహాలో ప్రపంచ విజేత అయ్యాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీ ఆటగాడు తంబేరితో కలిసి 2.37 మీటర్లు దూకి బంగారు పతకం పంచుకున్నాడు. తంబేరి కూడా 2016లో చీలమండ గాయంతో రియో ఒలింపిక్స్ పోగొట్టుకున్నవాడే. చీలమండ విలువ ఈ ఇద్దరికంటే బాగా ఎవరు చెప్పగలరు?

మన తెలుగు బిడ్డ అగసర నందిని సంగతి చూడండి. టీ అమ్మి బతికే కుటుంబం నుంచి వచ్చి, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఆమె ఆట హెప్టాథ్లాన్. ఏడు పోటీల ఆ ఆటలో హైజంప్, లాంగ్ జంప్ రెండూ ఉంటాయి, హర్డిల్స్ కూడా ఉంటాయి. ఒళ్ళు వంగాలి, కాలు మోయాలి. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 5941 పాయింట్లతో బంగారం సాధించింది. పేదరికం ఆమెకు అడ్డం కాలేదు. ఆమెను చూసి గుర్తించిన పెద్దలు, ఆడుకోవడానికి చోటు, నేర్పేవాళ్ళు దొరికారు.

ఆడపిల్లలు గెంతడం, పరుగెత్తడం బాగుండదని సందేహించే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వాళ్ళను మేము తప్పు పట్టం. నిండైన దుస్తులు, ఆడ టీచరు పర్యవేక్షణ, చాటు ఉన్న ఆటస్థలం వాళ్ళు అడగదగిన కోరికలే, వాటిని తీర్చడం మన బాధ్యత. బహ్రెయిన్ అమ్మాయి రుఖయ్యా అల్ గస్రా తల నిండుగా కప్పుకునే పరుగెత్తి 2006 దోహా ఆసియా క్రీడల్లో 200 మీటర్ల బంగారు పతకం గెలిచింది. పతకాలు రాకపోయినా, ఈ వయసులో గెంతి ఎముకలు గట్టిపడిన ఆడపిల్లకు ఆ బలం పెద్దయ్యాక కూడా అక్కరకు వస్తుంది.

దాతలకు ఒక మనవి

ఆటల కోసం ఎవరైనా డబ్బిస్తే మనకు మొదట గుర్తొచ్చేవి కప్పులు, షీల్డులు, పేర్లు రాసిన టీషర్టులు. అవి ఫోటోలో బాగుంటాయి. పిల్లల మోకాళ్ళను కాపాడేది మాత్రం ఇసుక. 8 మీటర్ల పొడవు, 2.75 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, రాళ్ళు లేని ఇసుక నింపితే లాంగ్ జంప్ గుంత సిద్ధం. దానికి సుమారు మూడు ట్రాక్టర్ల ఇసుక పడుతుంది. వాడే ముందు ప్రతిసారీ పారతో తిరగేసి, గాజుపెంకులు, ముళ్ళు ఏరేయాలి. తిరగేయని ఇసుక వాన కురిసి ఎండాక నేలంత గట్టిగా మారుతుంది. దీనితో పాటు కొన్ని స్కిప్పింగ్ తాళ్ళు, ఒక కొలత టేపు, ఆడపిల్లల కోసం వారానికి మూడు రోజులు వచ్చే ఒక ఆడ టీచరుకు దారి ఖర్చులు. మా లెక్కలో ముందు కావాల్సినవి ఇవే.

జకాత్ డబ్బుకు దాని హక్కుదారులు వేరే ఉన్నారు. అది ఈ పనికి ఇమ్మని మేము అడగడం లేదు. సదఖాగా, ఇష్టంతో ఇవ్వగలిగిన వారు ముందుకు రావాలని కోరుతున్నాం. డబ్బు లేనివారు ఒక ట్రాక్టరు, ఒక రోజు కూలి, ఒక సాయంత్రం ఇవ్వవచ్చు. గల్ఫ్‌లో ఉన్న మన యువకులు సెలవు మీద వచ్చినప్పుడు ఒక పూట పిల్లలతో ఆడినా మాకు సాయమే.

ఆ ఇద్దరు పిల్లల సంగతి చెప్పి ముగిస్తాం. కుర్రవాడు రోజూ గోడ దగ్గర మోకాలు వంచి, గొంతుక్కూర్చుని, రెండు నెలల్లో మడమలు నేలకు ఆనించాడు. సుద్దగుర్తు పైకి జరిగింది. జిల్లా స్థాయికి వెళ్ళలేదు గానీ, తన బలం ఎక్కడ చిక్కుకుందో తెలుసుకున్నాడు. అమ్మాయి కోలుకుంది, మామూలుగా నడిచింది. పోటీలకు మళ్ళీ రాలేదు. పదో తరగతిలో ఉండగా ఒకరోజు చిన్న పిల్లలు గట్టు మీద నుంచి దిగుతుంటే పక్కన నిలబడి చూసింది. తర్వాత తనే ముందుకు వచ్చి, ‘చప్పుడు రాకూడదు, మోకాళ్ళు లోపలికి పోకూడదు’ అని చెప్పడం మొదలుపెట్టింది. మేము వెనక నిలబడి విన్నాం.

పిల్లల శరీరం మన చేతిలో పెట్టిన అమానత్. ఎంత ఎత్తు ఎగిరారన్నది తర్వాత చూద్దాం. ముందు క్షేమంగా దిగే చోటు ఒకటి ఏర్పాటు చేద్దాం.